పట్నం కూలి పట్నం అద్దెకే సరి!
బొల్లారం చేరే పల్లెవాసులు ముందే లెక్క చూసుకోవాలి

బొల్లారం: ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పట్నంలో ఇల్లు అద్దెకు తీసుకుని చూడు అనే మాట కూడా ఇప్పుడు చేర్చుకోవాలి. ఊళ్లో పని కరువై ముల్లె సర్దుకుని రాజీవ్ రహదారి వెంట పట్నం వచ్చే సిద్దిపేట, గజ్వేల్ ప్రాంతాల వారికి బొల్లారంలో ముందుగా ఎదురయ్యేది గది సమస్యే.

ఇక్కడ ఖాళీ నేల కనబడుతుంది గానీ అది ఇళ్లకు దొరకదు. బొల్లారంలో అధిక భాగం సికింద్రాబాద్ కంటోన్మెంటు కిందికి వస్తుంది. చాలా భూమి రక్షణ శాఖది. 1860లో కట్టిన నేటి రాష్ట్రపతి నిలయం ఒక్కటే సుమారు 90 ఎకరాలు. మిగిలిన చోట ఇల్లు కట్టాలన్నా బోర్డు అనుమతి కావాలి. ఉన్న కొద్ది గదులకే కూలీలు, చిరుద్యోగులు పోటీ పడాలి.

ఉదాహరణకు ఒక మేస్త్రీకి రోజుకు 800 రూపాయల చొప్పున నెలలో 20 రోజులు పని దొరికిందనుకుందాం. వచ్చేది 16,000. గది అద్దె 5,000 అయితే మిగిలేది 11,000. కరెంటు, గ్యాసు, పాలు, కూరగాయలు, పిల్లల బడి, ఊళ్లోని ముసలివాళ్లకు పంపేది అన్నీ ఇందులోనే. ఊళ్లో పెరట్లో దొరికే కరివేపాకు కూడా ఇక్కడ కొనవలసిందే.

అసలు దెబ్బ మొదటి రోజే తగులుతుంది. రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపితే 15,000. పొయ్యి వెలిగించక ముందే నెల కూలి పోయినట్లే. ఆ సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా మరో 450 అదనపు బరువు.

అయితే కొన్ని వసతులు వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మేడ్చల్ ఎంఎంటీఎస్ రైళ్లు, అక్టోబరు 3న సిద్దిపేట–సికింద్రాబాద్ రైలు ప్రారంభమయ్యాయి. రెండూ బొల్లారం మీదుగానే వెళ్తాయి. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. రేషన్ కార్డు ఊళ్లో ఉన్నా నగరంలోని చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చును.

కనుక సంసారం మొత్తాన్ని ఒకేసారి తరలించడం కంటే, ముందు ఒకరు వచ్చి తోటివారితో కలిసి గది పంచుకుని రెండు మూడు నెలలు పని నిలకడ చూసుకోవడం మేలు. మేడ్చల్ పరిసరాల వారికి ఊళ్లోనే ఉండి రైల్లో వచ్చిపోవడమే లాభం. పనివేళలకు అనువుగా రైళ్లు పెంచితే అనేక కుటుంబాలకు ఈ అద్దె బాధ తప్పుతుంది. రైల్వే అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించడం అవసరం.