ఎనిమిది టీములు, ఒక గ్రౌండు, ఒక మోచెయ్యి

పోయినేడాది మే నెలలో ఒకరోజు రాత్రి మా బాబాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశారు. "ఏమ్మా, నువ్వు సీఎస్‌ఈ కదా. ఎనిమిది టీములకి టోర్నమెంట్ షెడ్యూల్ ఒకటి వేసిపెట్టు" అన్నారు. వాళ్ల ఊళ్లో పిల్లల బేస్‌బాల్ అసోసియేషన్ ఒకటుంది. బాబాయి అందులో వాలంటీర్. జీతం గీతం ఏమీ ఉండదు. పిల్లల్ని ఆటకి దింపడానికి వచ్చిన అమ్మానాన్నల్లో ఎవరికి ఎక్సెల్ వచ్చో కనిపెట్టి, వాళ్లని షెడ్యూల్ పనికి పట్టుకుంటారట. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, పదకొండేళ్లవాడు, అందులోనే ఒక టీములో ఆడతాడు.

నేను అరగంటలో పంపేశాను. పైథాన్‌లో పాతిక లైన్లు. నాకౌట్ పద్ధతి, 8 టీములు, 7 మ్యాచ్‌లు, శని ఆదివారాల్లో అయిపోతుంది. అసైన్‌మెంట్ డెడ్‌లైన్‌కి ముందే సబ్మిట్ చేసినంత ఆనందం. బాబాయి చూసి నవ్వి, "బాగుందమ్మా, కానీ ఇది పిల్లలకి పనికిరాదు" అన్నారు.

ఎందుకు పనికిరాదో నాకు పూర్తిగా అర్థం కావడానికి డిసెంబర్ దాకా పట్టింది. ఈ వ్యాసం దాని గురించే. బేస్‌బాల్ తెలియకపోయినా పర్లేదు, అప్పటికి నాకూ తెలీదు. భాషలో తప్పులుంటే క్షమించండి, నేను ఒకటో క్లాసు నుంచీ ఇంగ్లీష్ మీడియం బ్యాచ్.

క్రికెట్ తెలిసినవాళ్లకి బేస్‌బాల్

బంతి వేసేవాడు పిచ్చర్. బౌలర్‌లాగా పరిగెత్తుకుంటూ రాడు, చెయ్యి నిటారుగా ఉంచాలన్న రూలూ లేదు. ఉన్నచోటు నుంచే మోచెయ్యి మడిచి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. వెనకాల పట్టుకునేవాడు క్యాచర్, మన వికెట్ కీపర్ అనుకోండి. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ అవతలి టీముకి వెళ్తుంది. రెండు టీములూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్. పెద్దవాళ్లకి 9 ఇన్నింగ్స్, పన్నెండేళ్ల లోపు పిల్లలకి 6.

ఇందులో ఓవర్లు లేవు. వన్డేలో ఎంత గొప్ప బౌలరైనా 10 ఓవర్లు, అంటే 60 బంతులు వేసి పక్కకి తప్పుకోవాలి. ఇక్కడ ఆట స్వభావం ప్రకారం చూస్తే ఒకే పిచ్చర్ మ్యాచ్ మొత్తం వేస్తూ పోవచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఊరి అసోసియేషన్ ఏం చేస్తుంది

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ అనగానే వినిపించే పేరు లిటిల్ లీగ్. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన మూడు టీములతో మొదలుపెట్టారు. ఇప్పుడు లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అంటున్న పోటీ 1947లో అక్కడే మొదలైంది. ఆడపిల్లలకి మాత్రం 1974 దాకా ప్రవేశం లేదు. 1972లో హోబోకెన్ అనే ఊళ్లో మరియా పెపీ అనే అమ్మాయిని మూడు మ్యాచ్‌లు ఆడాక టీములోంచి తప్పిస్తే, కేసు పెట్టి గెలిచారు. ఆ ఊరు కూడా న్యూజెర్సీలోనే అని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

ఊరి అసోసియేషన్లలో చాలావరకు ఈ రూల్సే వాడతాయి. పని సీజన్‌కి చాలా ముందే మొదలవుతుంది. పిల్లల పేర్లు రాసుకోవాలి, బర్త్ సర్టిఫికెట్లు చూడాలి. ఆ ఏడాది ఆగస్టు 31కి ఎన్నేళ్లుంటే అదే ఆ పిల్లాడి "లీగ్ వయసు". సర్టిఫికెట్ దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, 2001 వరల్డ్ సిరీస్‌లో బ్రాంక్స్ నుంచి వచ్చిన టీము మూడో స్థానంలో నిలిచింది. ఆ టీము స్టార్ పిచ్చర్‌కి 12 కాదు 14 ఏళ్లని తర్వాత బయటపడి, వాళ్ల విజయాలన్నీ రద్దు చేశారు. పన్నెండేళ్ల పిల్లల మధ్య రెండేళ్ల తేడా అంటే చాలా తేడా.

వయసు తేలాక పిల్లల్ని టీములకి సమానంగా పంచాలి, గ్రౌండు బుక్ చెయ్యాలి, అంపైర్లని వెతకాలి. మామూలు సీజన్ మ్యాచ్‌లలో ప్రతి పిల్లాడికీ కనీసం ఒకసారి బ్యాటింగ్, అవతలి టీమువి కనీసం 6 అవుట్లు పడేదాకా ఫీల్డింగ్ ఇవ్వాలనే రూల్ ఉంది. "మా అబ్బాయిని బెంచీ మీద కూర్చోబెట్టారు" అని గొడవపడే తల్లిదండ్రులు అక్కడా మనలాగే ఉంటారట, కాకపోతే అక్కడ వాళ్ల వైపు రూల్ బుక్ కూడా ఉంది.

నాకౌట్ ఎందుకు వద్దు

నాకౌట్‌లో n టీములుంటే n−1 మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌కీ ఒక టీము ఇంటికెళ్తుంది కాబట్టి లెక్క సింపుల్. తక్కువ మ్యాచ్‌లు కదా అని నేను మురిసిపోయాను. కానీ మొదటి రౌండ్‌కే నాలుగు టీములు, అంటే సగం మంది పిల్లలు, ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి. అమ్మమ్మా తాతయ్యా కుర్చీలు పట్టుకొని వచ్చింది గంటన్నర కోసమా?

రెండుసార్లు ఓడితేనే బయటికి పంపే డబుల్ ఎలిమినేషన్ అయితే 14 లేదా 15 మ్యాచ్‌లు. అందరితో అందరూ ఆడాలంటే 28. ఒక్క గ్రౌండు మీద 28 ఎప్పటికి అవుతాయి? చివరికి నాలుగేసి టీములతో రెండు పూల్స్ చేశాం. పూల్‌కి 6 చొప్పున 12 మ్యాచ్‌లు, రెండు సెమీస్, ఒక ఫైనల్. మొత్తం 15. రోజుకి నాలుగు మ్యాచ్‌లు పెడితే ప్రతి టీమూ రోజుకి ఒక్కసారే ఆడుతుంది. ఎంత బలహీనమైన టీముకైనా మూడు మ్యాచ్‌లు గ్యారంటీ.

పూల్స్ పెట్టగానే టై అనే తలనొప్పి వస్తుంది. ఏ మీద బీ గెలిచి, బీ మీద సీ గెలిచి, సీ మీద ఏ గెలిస్తే ఎవరు పైన? క్రికెట్‌లో నెట్ రన్‌రేట్ చూస్తాం. లిటిల్ లీగ్ పద్ధతి వేరు. మనం ఇచ్చుకున్న రన్లని మనం ఫీల్డింగ్ చేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తారు. 12 ఇన్నింగ్స్‌లో 4 రన్లు ఇస్తే 0.333, 7 ఇస్తే 0.583. తక్కువ ఉన్నవాళ్లు పైకి. మనం ఎన్ని కొట్టామన్నది లెక్కలోకే రాదు. మొదట నాకిది వింతగా అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది, కొట్టిన రన్లు లెక్కలో ఉంటే బలమైన టీము చిన్న టీముని 25–0 దాకా చితక్కొడుతూనే ఉంటుంది. ఈ ఫార్ములాలో అలా చేసినందుకు ఏమీ రాదు.

అసలు లెక్క

ఇంతవరకూ కాంబినేటరిక్స్. బాబాయి "పనికిరాదు" అన్నదానికి అసలు కారణం పిచ్చర్ చెయ్యి.

లిటిల్ లీగ్‌లో ఒకప్పుడు పిచ్చర్లకి ఇన్నింగ్స్ లెక్క ఉండేది. 2007 నుంచి బంతుల లెక్క పెట్టారు. 9–10 ఏళ్లవాళ్లు రోజుకి 75 బంతులు, 11–12 ఏళ్లవాళ్లు 85. ఆ తర్వాత విశ్రాంతి ఇలా:

20 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు.
21 నుంచి 35 అయితే 1 రోజు.
36 నుంచి 50 అయితే 2 రోజులు.
51 నుంచి 65 అయితే 3 రోజులు.
66 లేదా అంతకంటే ఎక్కువైతే 4 రోజులు.

41 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేసిన పిల్లాడు ఆ రోజు క్యాచర్‌గా కూడా ఉండకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాలి.

ఇప్పుడు నా మొదటి షెడ్యూల్ చూడండి. ఇన్నింగ్స్‌కి 15 బంతులు వేసుకున్నా 6 ఇన్నింగ్స్‌కి 90. అంటే ఒక్క మ్యాచ్ కూడా ఒక్కడు పూర్తిచెయ్యలేడు. శనివారం 21 బంతులు వేసినవాడు ఆదివారం వెయ్యకూడదు. నేనేమో సెమీఫైనల్, ఫైనల్ ఒకే ఆదివారం పెట్టాను! ఫైనల్‌కి మిగిలేది బంతి సరిగ్గా వెయ్యడం రాని పిల్లలు, లేదా రూల్ తప్పి వేయించే కోచ్‌లు.

కొత్త షెడ్యూల్‌లో పూల్ మ్యాచ్‌లు శని, ఆది, మళ్లీ శని. సెమీస్ రెండో ఆదివారం. ఫైనల్ ఆ తర్వాతి శనివారం. మధ్యలో ఐదు రోజులు ఉంటాయి కాబట్టి సెమీస్‌లో 85 వేసినవాడికి కూడా నాలుగు రోజుల విశ్రాంతి దొరుకుతుంది. దీనికి తోడు నేనొక షీట్ చేశాను. మ్యాచ్ అవ్వగానే బంతుల సంఖ్య ఎంటర్ చేస్తే, ఎవరు ఎప్పుడు వెయ్యొచ్చో గడి పచ్చగా, వెయ్యకూడదంటే ఎర్రగా మారుతుంది. జూన్ టోర్నమెంట్ ఏ గొడవా లేకుండా అయిపోయింది. ఆ షీట్‌నే అక్టోబర్ మ్యాచ్‌లకీ వాడారు.

పచ్చ గడి

అక్టోబర్‌లో ఒక ఆదివారం మా తమ్ముడి గడి పచ్చగా ఉంది. వాడు 40 బంతులు వేశాడు. మర్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు.

విషయమేంటంటే, ముందురోజు శనివారం వాడు వేరే టీము తరఫున ఇంకో ఊళ్లో 60కి పైగా వేశాడు. ఊళ్లు తిరిగి ఆడే టీములు అక్కడ చాలా ఉంటాయి, ఒకే పిల్లాడు రెండింట్లో ఆడటం మామూలే. ఆ రోజు కారులో తీసుకెళ్లింది బాబాయే. షీట్ నింపేదీ బాబాయే. "అది వేరే లీగ్ కదా, ఇందులో రాయాలని తోచలేదమ్మా" అన్నారు. నాకూ తోచలేదు. శనివారం గడిలో ఏమీ రాయకపోతే నా కోడ్ దాన్ని సున్నా అనుకుంది. డీబీఎంఎస్ మొదటి యూనిట్‌లోనే చెప్తారు, నల్ వేరు, సున్నా వేరు అని. ఇంటర్నల్స్‌లో ఆ ప్రశ్నకి నాకు ఫుల్ మార్కులు వచ్చాయి కూడా.

వాడికి శనివారం రాత్రే నొప్పిగా ఉందట. చెప్తే ఆడనివ్వరని చెప్పలేదు.

డాక్టర్ చూసి లిటిల్ లీగ్ ఎల్బో అన్నారు. అవును, ఆ లీగ్ పేరే జబ్బుకి పెట్టేశారు. పెరిగే పిల్లల ఎముకల చివర ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. మోచేతి లోపలివైపు ఉన్న దాన్ని ప్రతి విసురూ లాగుతుంది. విశ్రాంతి లేకుండా లాగితే వాస్తుంది, ముదిరితే విడిపోతుంది కూడా. మా వాడిది వాపు దగ్గరే ఆగింది. మూడు నెలలు బంతి విసరొద్దన్నారు.

2006లో అమెరికాలో టీనేజ్ పిచ్చర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఏడాదికి 8 నెలలకి మించి పోటీల్లో వేసినవాళ్లకి సర్జరీ అవసరం పడే అవకాశం 5 రెట్లు, చెయ్యి అలసిపోయాక కూడా తరచూ వేసినవాళ్లకి 36 రెట్లు ఎక్కువని తేలింది. ఆ 36 చదివిన రోజు నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

బంతి విసరని చలికాలం

మామూలుగా చలికాలంలో మంచు వల్ల బయట ఆట ఉండదు. కానీ స్కూల్ జిమ్‌లలో, షెడ్లలో ఇండోర్ పోటీలు పెడతారు. పిల్లలు ఆట మర్చిపోకూడదని తల్లిదండ్రుల ఆరాటం. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్‌బీ, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ పేరుతో ఇచ్చిన సలహాల్లో మాత్రం, ఈ వయసు పిల్లలు ఏడాదిలో కనీసం 4 నెలలు విసరడం మానాలని, అందులో 2–3 నెలలు వరసగా ఉండాలని ఉంది. ఒకేసారి రెండు టీముల్లో ఆడొద్దని కూడా ఉంది. ఇండోర్‌లో విసిరినా చెయ్యి చెయ్యే కదా.

అందుకని బాబాయి వాళ్లు పోయిన చలికాలంలో పోటీలు ఆపలేదు, విసరడం ఒక్కటీ తీసేశారు. బేసుల చుట్టూ రిలే పరుగు. స్టాండు మీద పెట్టిన మెత్తటి బంతిని వలలోకి కొట్టడం. నేల మీద దొర్లి వచ్చే బంతిని పట్టుకొని, విసరకుండా పక్కనున్న బకెట్‌లో వెయ్యడం. రికార్డు చేసిన మ్యాచ్ చూస్తూ స్కోర్‌బుక్ తప్పుల్లేకుండా రాయడం. పాయింట్లు పక్కవాడితో పోల్చి ఇవ్వలేదు, డిసెంబర్‌లో తన టైమింగ్‌కీ ఫిబ్రవరిలో తన టైమింగ్‌కీ తేడా చూసి ఇచ్చారు. కాబట్టి ఎనిమిదేళ్ల బుడ్డోడు కూడా పన్నెండేళ్లవాడిని దాటి ప్రైజ్ కొట్టగలడు. స్కోర్‌బుక్ పోటీలో మా తమ్ముడు ఫస్ట్. మొదటి వారం మొహం మాడ్చుకొని కూర్చున్నాడట, తర్వాత అంపైర్‌కే తప్పులు చెప్పడం మొదలుపెట్టాడట.

షీట్‌లో నేను రెండు మార్పులు చేశాను. ఒకటి, గడి మొదట ఎర్రగానే ఉంటుంది. గత నాలుగు రోజుల్లో ఎక్కడ ఎన్ని బంతులు వేశాడో, ఏ టీముకైనా సరే, రాస్తేనే పచ్చగా మారుతుంది. ఏమీ వెయ్యకపోతే సున్నా అని చేత్తో రాయాలి. రెండు, "చెయ్యి ఎలా ఉంది?" అని ఒక కాలమ్. దాన్ని కోచ్ నింపకూడదు, నాన్న నింపకూడదు. పిల్లాడిని అడిగి వాడి మాటే రాయాలి. నొప్పి అని చెప్పినవాడిని బెంచీ మీద కూర్చోబెట్టరు, బ్యాటింగ్ ఇస్తారు, విసరడం తక్కువుండే చోట ఫీల్డింగ్ ఇస్తారు. లేకపోతే ఎవడు నిజం చెప్తాడు?

మన దగ్గర సంక్రాంతికి ఊళ్లలో టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు నడుస్తాయి, మన కాలేజీ ఫెస్ట్‌లో ఒక్క రోజులో నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తాం. షెడ్యూల్ వేసేది మనలాంటివాళ్లమే. వేసేముందు ఒకసారి ఆ టీముల్లో ఎవరి భుజం, ఎవరి మోకాలు ఎన్ని గంటలు పనిచేస్తుందో లెక్కేసి చూడండి. నా షీట్ కావాలంటే క్లబ్ గ్రూప్‌లో అడగండి, పంపిస్తాను.

తమ్ముడు ఏప్రిల్‌లో మళ్లీ పిచ్చింగ్ మొదలుపెట్టాడు. మొదటి మ్యాచ్‌లో 20 బంతులే. చెయ్యి కాలమ్‌లో వాడు చెప్పింది బాబాయి ఫొటో తీసి పంపారు: "బానే ఉంది, కానీ అక్క షీట్ చాలా విసిగిస్తోంది."