ఊరి పెద్దరికం నుంచి కొండవీటి గద్దె దాకా

రెడ్ల చరిత్ర అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది కొండవీటి కోట. క్రీ.శ. 1325 ప్రాంతంలో అద్దంకిలో మొదలై 1424లో ముగిసిన ఆ రాజ్యం వయసు వందేళ్లే. రాజమహేంద్రవరం శాఖను కలుపుకుంటే మరో పాతికేళ్లు చేరుతాయి. కానీ అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందే ఈ సముదాయపు పూర్వులు శాసనాలకెక్కారు, రాజ్యం పోయిన తరవాత కూడా అయిదు వందల ఏళ్లకు పైగా ఊళ్లలో వారి మాట చెల్లింది. సేద్యం చేసుకునే కుటుంబాలు కత్తి ఎలా పట్టాయి, కత్తి పోయాక పెద్దరికాన్ని ఎలా నిలుపుకున్నాయి అన్న ప్రశ్నలకు జవాబు గద్దె మీద కంటే గ్రామపాలనలోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఏడెనిమిది శతాబ్దాలలో రేనాడును, అంటే నేటి కడప, కర్నూలు ప్రాంతాలను ఏలిన చోళుల శాసనాల్లో ‘రట్టగుడి’ అనే గ్రామాధికారి కనిపిస్తాడు. కృష్ణా గోదావరి తీరాన వేంగిని పాలించిన తూర్పు చాళుక్యులు భూమిని దానం చేసినప్పుడల్లా, తమ రాగిరేకుల్లో ఆ ఆజ్ఞను ‘రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులకు’ వినిపించేవారు. కుటుంబులంటే సొంత కమతం ఉన్న సేద్యగాళ్లు. రాష్ట్రకూటులంటే ఇక్కడ దక్కనును ఏలిన రాజవంశం కాదు, ఆ సేద్యగాళ్లకు పెద్దలు. పొలం ఎవరిదో, ఎల్లలు ఎక్కడో, పన్ను ఎంతో తెలిసినవారు వారే కాబట్టి, వారికి చెప్పకుండా దానం చెల్లేది కాదు. రట్టగుడి, రట్టోడి, రెడ్డి అనే రూపాలు ఈ పదవి చుట్టూ ఏర్పడ్డాయని శాసన పరిశోధకులు ఎక్కువమంది భావిస్తారు. రాష్ట్రకూట చక్రవర్తుల సంతతే రెడ్లని చెప్పే కథనాలూ ప్రచారంలో ఉన్నాయి గాని, వాటికి పేర్ల పోలికే తప్ప గట్టి ఆధారం లేదు.

ఆ దశలో రెడ్డి అన్నది కులం పేరు కాదు. సేద్యగాళ్లు తాము బతికిన నాడును బట్టి గుర్తింపు పొందేవారు. నాడు అంటే కొన్ని పదుల ఊళ్లు కలిసిన సీమ. నెల్లూరు వైపు పాకనాడు, కృష్ణకు దక్షిణాన వెలనాడు, కడప వైపు రేనాడు ఉండగా, నేటి పాకనాటి, వెలనాటి, రేనాటి శాఖలు ఆ సీమల పేర్లనే మోస్తున్నాయి. బ్రాహ్మణుల్లోనూ వెలనాటివారు ఉన్నారన్న సంగతి గమనిస్తే, ఈ పేర్లు రక్తసంబంధాన్ని కాక నేలను సూచిస్తాయని తెలుస్తుంది. ఇలా వేరువేరు సీమల్లో పెరిగి, పెళ్లిళ్లు ఎవరికి వారే చేసుకున్న శాఖలు ఒకే గొడుగు కిందికి రావడానికి శతాబ్దాలు పట్టింది.

ఈ ప్రక్రియకు కాకతీయుల కాలం ఊపునిచ్చింది. ఓరుగల్లు రాజులు వానల మీద ఆధారపడిన మెరక నేలల్లో చెరువులు తవ్వించి, అడవులు కొట్టించి, సేద్యాన్ని విస్తరింపజేశారు. చెరువు కట్టించి నిలబెట్టినవారికి దాని కింద పండే పొలంలో కొంత భాగాన్ని పన్ను లేకుండా గాని, తక్కువ పన్నుకు గాని ఇచ్చే పద్ధతిని దశబంధం అనేవారు. కొత్త ఊళ్లను నిలబెట్టగలిగిన, నలుగురిని కూడగట్టగలిగిన కుటుంబాలకు ఇది ఎదిగే దారి అయింది. అవే కుటుంబాలు యుద్ధ సమయంలో మనుషులను సమకూర్చి సైన్యంలో చేరేవి. రామప్ప గుడిగా పేరుపొందిన పాలంపేట రుద్రేశ్వరాలయాన్ని 1213లో ప్రతిష్ఠించిన రేచర్ల రుద్రుడు ఇటువంటి వంశంవాడే. కాకతీయ రాజు గణపతిదేవుడి తొలినాళ్లలో రాజ్యం ఆపదలో పడ్డప్పుడు ఆదుకున్న ఈ సేనాని గుడితో పాటు చెరువూ కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది ఆ గుడి. 

కాకతీయుల శాసనాల్లో రెడ్డి, నాయకుడు, బోయ, సెట్టి వంటి మాటలు పేర్ల చివర బిరుదులుగా వస్తాయి. వీటిని నేటి కులాలతో ముడిపెట్టి చదివితే తప్పుదారి పడతాం, ఎందుకంటే ఒకే కుటుంబంలో తండ్రికి ఒక బిరుదూ కొడుక్కి మరొకటీ ఉన్న సందర్భాలున్నాయి. రేచర్ల అనే గోత్రనామం అటు రెడ్డి సేనానులకూ, ఇటు తరవాతి కాలంలో రాచకొండను ఏలిన పద్మనాయక వెలమలకూ ఉంది. కులాల గోడలు అప్పటికి ఇంకా నిలువెత్తు లేవలేదన్నమాట.

1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయాక, దిక్కులేని తీరాంధ్రంలో పంట కులానికి, దేసటి వంశానికి చెందిన ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని కేంద్రంగా చేసుకుని నిలదొక్కుకున్నాడు. అతడు కోటలు కట్టించాడు, అన్యాక్రాంతమైన అగ్రహారాలను బ్రాహ్మణులకు మళ్లీ ఇప్పించాడు, శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. మహాభారతంలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱాప్రగడ అతని ఆస్థానకవే. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని గుంటూరుకు చేరువలోని కొండవీడుకు మార్చి, 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. నూరేళ్ల ముందు గణపతిదేవుడు అదే రేవులో వర్తకులకు ఇచ్చిన అభయశాసనానికి ఇది కొనసాగింపు. పంట మీద వచ్చే పన్నుతోనే రాజ్యం నడవదని, సముద్ర వర్తకం ఎంత ముఖ్యమో ఈ రైతుబిడ్డలు త్వరగానే గ్రహించారు. తరవాతి కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కావలసిన పరిమళ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి కవి శ్రీనాథుడు హరవిలాసం అంకితమివ్వడంలో, వర్తకులకు ఆ కాలంలో ఉన్న గౌరవం కనబడుతుంది.

ఆ కాలపు భక్తిలోనూ వీరం కలిసే ఉంది. ఈ వంశపు మరో రాజు అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో కట్టించిన వీరశిరోమండపంలో వీరశైవ భక్తులు తమ తలలను తామే కోసి మల్లికార్జునుడికి సమర్పించేవారు. ఇంత ఉగ్రమైన శైవాన్ని పోషించిన వంశంలోనే పండితరాజులు కూడా పుట్టారన్నది విశేషం. పెదకోమటి వేమారెడ్డి అమరుక శతకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య రచించగా, బంధువైన కాటయ వేమారెడ్డి కాళిదాసు నాటకాలకు వ్యాఖ్య రాసి, దానికి తన బావ కుమారగిరి పేరు పెట్టాడు. అయితే ఈ రాజ్యపు అసలు స్వభావం తెలియాలంటే గ్రంథాల కంటే కాలువల దగ్గరికి వెళ్లడం మేలు. పెదకోమటి వేముడి రాణి సూరమాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించగా, దానికి నీరు చేర్చడానికి కొడుకు రాచవేముడు జగనొబ్బగండ కాలువను తవ్వించాడు. ఈ పనులను పద్యాల్లోకెక్కించిన శాసనకర్త, విద్యాధికారి పదవిలో ఉన్న శ్రీనాథుడు. కాలువ తవ్వించిన ఆ రాచవేముడే రాజయ్యాక పురుళ్ల మీద కూడా సుంకం వేశాడని, దాన్ని భరించలేని సవరం ఎల్లయ్య అతణ్ణి చంపాడని కైఫీయతులనే స్థానిక ఊరి చరిత్రలు చెబుతాయి. పురిటి సుంకం ఎంతవరకు నిజమో గాని, చివరి రాజు కాలంలో పన్నుల భారాన్ని ఊళ్లు ఎలా గుర్తుంచుకున్నాయో ఆ కథ చెబుతుంది.

కొండవీటి రాజులు తమ పుట్టుకను దాచుకోలేదు. సూర్యచంద్ర వంశాలకు పాకులాడకుండా, విష్ణుపాదాల నుంచి పుట్టిన చతుర్థ కులం తమదని, గంగ పుట్టింది కూడా ఆ పాదాల నుంచే కాబట్టి అది పవిత్రమని శాసనాల్లో చెప్పుకున్నారు. కాకతీయులు, వారి నాయకులు చూపిన దారి ఇది. తరవాతి తరాల్లో క్షత్రియత్వం కోసం వంశవృక్షాలు అల్లిన సంఘాల ఆరాటంతో పోలిస్తే, పద్నాలుగో శతాబ్దపు ఈ ఆత్మవిశ్వాసం ఆశ్చర్యం కలిగిస్తుంది.

రాజ్యం విజయనగరంలో, ఆపైన గజపతుల ఏలుబడిలో కలిసిపోయినా, ఊరిలో రెడ్డి స్థానం చెదరలేదు. గ్రామసేవకులైన పన్నెండుమంది ఆయగాళ్లలో రెడ్డి, కరణం ముందువరస. కరణం లెక్క రాస్తే, రెడ్డి పన్ను వసూలు చేసి, తగవులు తీర్చి, నీటి వంతులు చూసేవాడు. బదులుగా మాన్యం భూమి, కళ్లంలో ధాన్యపు మేర దక్కేవి. రాజు మారినా, సుల్తాను వచ్చినా, పన్ను కావాలంటే ఈ మనిషితోనే మాట్లాడాలి. రాయలసీమలో ఈ పెద్దల్లో బలవంతులు కొందరు, బోయలు మొదలైన ఇతర కులాల యోధులతో పాటు పాళెగాళ్లయ్యారు. అంటే కోట, సొంత బంట్లు ఉండి, పైప్రభువుకు కప్పం కట్టే చిన్న పాలకులు. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైనవారు సుమారు 80 మంది. వారి ఆయుధాలు ఊడబెరికి, కొందరికి భరణాలిచ్చి, కంపెనీ నేరుగా రైతుతో లెక్క చూసుకునే రైతువారీ పద్ధతిని మన్రో వేళ్లూనించాడు. భరణం విషయంలో జరిగిన అవమానంతో మొదలైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం మీద ముగిసింది; అతని తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు.

తెలంగాణలో కథ వేరు. నిజాం పాలనలో గద్వాల, వనపర్తి వంటి రెడ్డి సంస్థానాలు బతికి ఉండగా, దేశ్‌ముఖులు పేరుకు పన్ను వసూలుదారులైనా, వేల ఎకరాలకు యజమానులై వెట్టి చేయించుకున్నారు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుషులు 1946 జులై 4న కడవెండిలో కాల్పులు జరిపి దొడ్డి కొమురయ్యను చంపడంతో సాయుధపోరాటం రగిలింది. ఆ దేశ్‌ముఖుకు ఎదురు నిలిచిన నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి కూడా రెడ్లే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా అడగగానే 100 ఎకరాలిచ్చి భూదానోద్యమానికి తెరతీసిన వెదిరె రామచంద్రారెడ్డీ రెడ్డే. భూమి విషయంలో ఒక కులమంతా ఒకే మాట మీద ఉందని రాసే చరిత్రలకు ఈ మూడు ఉదాహరణలు అడ్డుపడతాయి.

ఒకే కులమన్న స్పృహ గట్టిపడింది కూడా ఈ ఆధునిక కాలంలోనే. కాపు అంటే సేద్యగాడని అర్థం కాబట్టి మద్రాసు రాష్ట్రపు జనాభా లెక్కల్లో రెడ్లను కాపుల పద్దు కిందే చేర్చారు. 1909 నాటి తన గ్రంథంలో థర్‌స్టన్ కూడా ఆ రెండు పేర్లనూ కలిపే వివరించాడు. తెలంగాణ పల్లెల్లో నేటికీ రెడ్లను కాపులనే పిలుస్తారు, కోస్తాలో మాత్రం కాపులు వేరొక సముదాయం. పాపికొండల్లో ఉండే కొండరెడ్లు గిరిజనులు. పేరు తప్ప వారితో వీరికి సంబంధం లేదు. తమిళనాట స్థిరపడినవారు రెడ్డియార్లయ్యారు. 1947 నుంచి 1949 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ వారిలో ఒకడు. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్, దానికి అండగా నిలిచి తరవాత నగర కొత్వాలైన వెంకటరామారెడ్డి, పల్లె పిల్లలను చదువుల వైపు నడిపించి, చెదురుమదురు శాఖల యువకులను ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు.

ఊరి పదవి పోవడం రెండు విడతల్లో జరిగింది. మద్రాసు చట్టం కింద గ్రామాధికారి ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి పోవడం రాజ్యాంగ విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తరవాత కూడా గ్రామాధికారులైన మునసబులు, కరణాలు ఉద్యోగులుగా కొనసాగారు; 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవులనే రద్దు చేసింది. అప్పటికే రెడ్డి కుటుంబాల్లో స్తోమత ఉన్నవారు శాసనసభలకు, గుత్తేదారీకి, వైద్య, ఇంజనీరింగ్ చదువులకు మళ్లారు. మెట్ట సీమల్లో అయిదారెకరాల మీద బతికే సన్నకారు రెడ్లకు మాత్రం పేరు చివరి పెద్దరికం తప్ప, బోరు ఎండినప్పుడు పక్క పొలం రైతుకు లేని ఆధారమేదీ మిగల్లేదు.