కరవు నేలలో చదువు

అనంతపురం పీఠభూమిలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తీరము దాటి ఇంతదూరము వచ్చుసరికి పలుచబడును.

వాన తప్పినచో వేరుసెనగ పంట ఆ ఏటికే పోవును. కాని కుటుంబము కూలికై బెంగుళూరు వలసపోయినపుడు బడి మానిన పిల్లవాడు తరచుగా మరల బడికి రాడు. పెద్దవాడైన పిదప అతనికిని కూలియే గతి యగును. ఒక ఏటి నష్టము ఇట్లు ఒక తరపు నష్టముగా మారును.

దీనికి విరుగుడు, చదువును వాననుండి విడదీయుటయే. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల ఏర్పడినది. 1972లో హిందూపురము చెంత కొడిగెనహళ్ళిలో రాయలసీమకు మరియొకటి వచ్చినది. ప్రవేశపరీక్షలో నెగ్గిన పల్లెపిల్లలకు తిండి, వసతి, చదువు ఒకేచోట లభించెను. తల్లిదండ్రులు వలసపోయినను వారి చదువు ఆగదు.

అయితే గురుకులములలో చోటు కొందరికే. తక్కినవారిని ఊరిబడిలో నిలుపుటకు తోడ్పడునది మధ్యాహ్న భోజనము. 2001 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో బడులలో వండి పెట్టుట మొదలైనది. కరవు ప్రాంతములలో వేసవి సెలవులలోను భోజనము పెట్టవలెనని 2004లో ఆ న్యాయస్థానమే ఆదేశించినది.

2019లో పెనుకొండ వద్ద కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. అట్టి చోట యంత్రములపై పనిచేయుటకు చదువు, సాంకేతిక శిక్షణ రెండును కావలెను. బడి నడుమ మానినవానికి ఆ కొలువు ఊరిప్రక్కనే యున్నను అందదు. ఎంత కరవు వచ్చినను రైతు విత్తనపు కాయలను దాచుకొనును; పిల్లల బడియు అట్టిదే.