‘ట’ నుంచి ‘ఎట్రిబ్యూటెడ్’ దాకా: ఒక కర్తృత్వ చర్చ నేర్పే ఇంగ్లీషు మాటలు

చెన్నైలో తెలుగు చదువుకొనే విద్యార్థికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు. తెలుగు సాహిత్యాన్ని గురించి కూడా ఎంతో కొంత ఇంగ్లీషులోనే చదవవలసివస్తుంది. కొత్త మాట కనిపిస్తే నిఘంటువు చూసి, అర్థం నోటుపుస్తకంలో రాసుకొంటాడు. వారం తిరిగేసరికి మరిచిపోతాడు. మాట ఏ పని మీద వచ్చిందో గమనించకపోవడమే ఈ మరుపుకు ముఖ్యకారణమని మేము భావిస్తున్నాము. మాటల పని స్పష్టంగా కనిపించే చోటు ఒకటుంది: ఒక కృతిని ఎవరు రాశారన్న వివాదం. అది ఒక వ్యాజ్యం వంటిది. వాదులుంటారు, సాక్ష్యాలుంటాయి, తీర్పు ఉంటుంది. అక్కడ ప్రతి మాటకూ ఒక తూకం ఉంటుంది.

మన సాహిత్యంలో ఇటువంటి వ్యాజ్యాలలో ప్రసిద్ధమైనది ‘క్రీడాభిరామం’ కర్తృత్వ చర్చ. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో గడిపిన ఒక రోజు ఇందులోని కథ. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. దీనిని మొదట అచ్చుకు తెచ్చినవారు మానవల్లి రామకృష్ణకవి. కృతి ప్రస్తావనలో కవిగా వినుకొండ వల్లభరాయని పేరుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి మాత్రం ఇది శ్రీనాథుని రచన అని వాదించారు. ఈ పండితులిద్దరూ మన నగరంలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో పనిచేసినవారే. కాబట్టి ఈ చర్చ మనకు పరాయిది కాదు.

ఈ చర్చను ఇంగ్లీషులో చదివేటప్పుడు తరచు ఎదురయ్యే వాక్యం: ‘క్రీడాభిరామం ఈజ్ సమ్‌టైమ్స్ ఎట్రిబ్యూటెడ్ టు శ్రీనాథ’. దీనిని తెలుగు చేయమంటే, ‘క్రీడాభిరామాన్ని శ్రీనాథుడు రాశాడు’ అని రాసే విద్యార్థులను మేము చూశాము. ఒక్క మాట జారిపోవడంతో వాదం కాస్తా తీర్పు అయి కూర్చుంది. ఆ వ్యాసం చదివిన మరొకరు దానినే ప్రమాణంగా ఎత్తి రాస్తే, సాహిత్య చరిత్రలోకి ఒక తప్పు ప్రవేశిస్తుంది.

నిజానికి ఆ విద్యార్థికి ఈ మాట తెలియనిది కాదు. ఇంట్లో రోజూ వాడేదే. ‘ఆయన రాశాడు’ అనడానికీ, ‘ఆయన రాశాడట’ అనడానికీ భేదం మన పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ‘ట’ చేసే పని, ‘ఇది నేను చూసింది కాదు, ఇతరులు చెప్పగా విన్నది’ అని హెచ్చరించడం. తమిళంలో ‘ఎళుదినారామ్’ అన్నప్పుడు చివరి ‘ఆమ్’ చేసేదీ ఇదే. ఇంగ్లీషు క్రియకు ఇటువంటి ప్రత్యయం లేదు. అందువల్ల ఆ పనికి అది విడివిడి మాటలను నియమించుకొంది. మన ఒక్క ‘ట’కు అక్కడ ఒక కుటుంబమే ఉంది.

ఆ కుటుంబంలో అందరి స్వభావం ఒకటి కాదు. ‘ఎట్రిబ్యూటెడ్’, ‘ఎస్క్రైబ్డ్’ అంటే ఫలానావారిదని చెబుతున్నారని. వీటిలో మెప్పు గాని నింద గాని లేదు. ‘క్రెడిటెడ్’లో గౌరవం తోడవుతుంది. ‘రెప్యూటెడ్’ అంటే లోకప్రతీతి. ‘పర్పోర్టెడ్’ అన్నామంటే, పైకి అలా చెప్పుకొంటున్నా మనకు అనుమానం ఉందన్నమాట. ‘ఎలెజ్డ్’ ఇంకా ఘాటైనది; సాధారణంగా నేరారోపణలో వాడతారు. శ్రీనాథుడు క్రీడాభిరామానికి ‘ఎలెజ్డ్’ కర్త అంటే, ఆయన ఏదో తప్పు చేసినట్లు ధ్వనిస్తుంది. ఉచ్చారణ కూడా గమనించాలి. ‘ఎట్రిబ్యూట్’ క్రియ అయినప్పుడు ఊనిక రెండవ అక్షరం మీద పడుతుంది. గుణం అనే అర్థంలో నామవాచకమైనప్పుడు మొదటి అక్షరం మీద పడి ‘ఆట్రిబ్యూట్’ అవుతుంది.

ఇక సాక్ష్యాల మాటలు. సాక్ష్యం ‘ఎవిడెన్స్’. ఇందులోని లాటిన్ ధాతువుకు చూడడమని అర్థం. మన ‘విద్య’, ‘వేదం’ మాటలలోని ‘విద్’ ధాతువు దానికి జ్ఞాతి. కృతి లోపల దొరికేది ‘ఇంటర్నల్ ఎవిడెన్స్’, వెలుపల దొరికేది ‘ఎక్స్‌టర్నల్ ఎవిడెన్స్’. ప్రస్తావనలో వల్లభరాయని పేరుండడం మొదటి రకం. లాక్షణికులు ఇందులోని పద్యాలను శ్రీనాథునివిగా ఉదాహరించడం రెండవ రకం. శ్రీనాథుని ఇతర కృతులలోని పద్యాలు ఇందులోనూ కనిపించడం మళ్ళీ మొదటి రకమే. అయితే ఈ చివరి విషయానికి మూడు పేర్లు పెట్టవచ్చు. ఒక కవి మరొకరి పద్యాన్ని తీసుకొంటే ‘బారోయింగ్’, దొంగిలిస్తే ‘ప్లేజియరిజం’, తరువాతివారెవరో చొప్పిస్తే ‘ఇంటర్‌పొలేషన్’, అంటే మన ప్రక్షిప్తం. విషయం ఒకటే, ఎన్నుకొన్న మాటను బట్టి తీర్పు మారిపోతుంది.

తీర్పు మాటలకు షేక్‌స్పియర్ వివాదం మంచి పాఠశాల. ఆ నాటకాలు ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ రాసినవని లూనీ అనే ఆయన 1920లో ఒక గ్రంథంలో వాదించాడు. డి వీర్ 1604లో మరణించాడు. ‘టెంపెస్ట్’ వంటి నాటకాలు ఆ తరువాతివని పండితులు చూపారు. కాదని ఊరికే అనడం ‘డినై’, ఎదురువాదం చెప్పడం ‘రిబట్’, రుజువులతో తప్పని తేల్చడం ‘రెఫ్యూట్’. ఈ మూడింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడకూడదు. షేక్‌స్పియర్ నాటకాలు షేక్‌స్పియర్‌వే అన్నది నేడు అత్యధిక పండితుల ఏకాభిప్రాయం. దానిని ‘కన్సెన్సస్’ అంటారు.

ఒక్కోసారి చిన్న మాటే సాక్షి అవుతుంది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలలో పన్నెండింటి కర్త ఎవరన్నది చాలాకాలం వివాదం. మోస్టెల్లర్, వాలస్ అనే గణాంకశాస్త్రజ్ఞులు 1964లో ప్రకటించిన గ్రంథంలో మాటల లెక్క తీసి, అవి మాడిసన్‌వని నిర్ణయించారు. ‘అపాన్’ అన్న మాటను హామిల్టన్ విరివిగా వాడతాడు, మాడిసన్ అరుదుగా. హామిల్టన్ ‘వైల్’ అనేచోట మాడిసన్ ‘వైల్‌స్ట్’ అంటాడు.

మా సూచన ఇది. ముందు క్రీడాభిరామ చర్చను తెలుగులో చదవండి. తరువాత వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ప్రకటించిన ఆంగ్లానువాదం ‘ఎ లవర్స్ గైడ్ టు వరంగల్’ చదవండి. దానిపై కవిగా వల్లభరాయని పేరే ఉంది. విషయం ముందే తెలుసు కనుక మాట మీద దృష్టి నిలుస్తుంది. తెలుగులో ‘ట’ అనవలసిన ప్రతిచోటా ఇంగ్లీషు ఏ మాట వాడిందో గుర్తు పెట్టుకోండి. చివరగా మీరే పది వాక్యాలలో తీర్పు రాయండి. మీ తీర్పు ఎటైనా ఉండవచ్చు. తెలిసినదానికీ విన్నదానికీ మధ్య గీత మాత్రం చెరిగిపోకూడదు.