చేతిపని పింగాణీ పలకలు: ఎంపిక, అమరిక

మట్టిని గానీ, మట్టికి బదులు మరో ఖనిజపు పొడిని గానీ ముద్దచేసి, చేతితో అచ్చులో నొక్కి, నీడన ఆరబెట్టి, పైన గాజుపూత పూసి బట్టీలో కాల్చిన పలకను చేతిపని పింగాణీ టైల్ అంటారు. గుజరాత్‌లోని మోర్బీ కర్మాగారాల నుంచి వచ్చే యంత్రపు పలకలు కొలతలోనూ, అంచులోనూ, రంగులోనూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లు ఉంటాయి; చేతిపలకలు అలా ఉండవు. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది, ఎంత కుంచించుకుపోతుందన్నది ముద్దలోని తేమను బట్టీ, నొక్కిన బలాన్ని బట్టీ, బట్టీలో పలక ఉన్న చోటును బట్టీ మారుతుంది కనుక, ఒకే అచ్చులో తీసిన రెండు పలకల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావడం సహజం. పూత పలచబడిన అంచున రంగు లేతగా, నిలిచిన చోట చిక్కగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు. ఎక్కువ ధర పెట్టి కొనేది ఈ తేడానే, కాబట్టి దాన్ని దాచకుండా నిలబెట్టేలా గోడనూ, సందునూ, జిగురునూ ముందే సిద్ధం చేసుకోవాలి.

గోడకు పింగాణీ అద్దడం తెలుగు నేలకు కొత్త కాదు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 16వ శతాబ్దం చివర హైదరాబాద్ పాతబస్తీలో కట్టించిన బాద్‌షాహీ అషుర్‌ఖానా గోడలపై, 1611 నాటికి పూర్తయిన రంగుపలకల పని నేటికీ చూడవచ్చు. అందులో ఒక్కో రంగు పలకను ఆకారానికి తగ్గట్టు ముక్కలుగా కోసి, ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి నమూనా తీర్చారు. 1908 మూసీ వరదలో గోడల కింది భాగాల పని బాగా దెబ్బతింది; పై భాగాల రంగులు మాత్రం నాలుగు శతాబ్దాల తర్వాత కూడా నిగనిగలాడుతున్నాయి. కాలం చెరపలేని రంగు నీటికి తలొగ్గిందన్న సంగతిని ఇంటి గోడకు పలకలు అతికించేవారు మనసులో ఉంచుకోవడం మంచిది.

ఎంపికలో మొదట చూడవలసింది రంగు కాదు, పలక ఒడలు, అంటే పూత కింద ఉన్న పదార్థం. జైపూర్ నీలి పలకల్లో మామూలు కుమ్మరి మట్టి ఉండదు. పలుగురాతి పొడి, గాజుపొడి, కొంచెం ముల్తానీ మట్టి, జిగురు కలిపి, తక్కువ వేడిలో, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారే కాలుస్తారు. నీలం కోబాల్ట్ నుంచీ, నెమలికంఠపు రంగు రాగి నుంచీ వస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో కృపాల్ సింగ్ శెఖావత్ వంటి కళాకారుల కృషితో తిరిగి నిలబడిన ఈ పనితనం గోడకు ఎంత అందమో, నేలకు అంత పనికిరానిది. నడక రాపిడికి ఆ పూత ఆగదు. దీనికి భిన్నమైనది స్టోన్‌వేర్. సుమారు 1200 నుంచి 1300 డిగ్రీల వేడిలో మట్టి రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని రాయిలా గట్టిపడతాయి కనుక దానికి ఆ పేరు వచ్చింది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ప్రభావంతో దక్షిణాదిన ఈ పని బాగా వ్యాపించింది. నీళ్లు నేరుగా పడే స్నానాల గది గోడకు స్టోన్‌వేరే నమ్మదగినది.

పలక ఎంత నీరు పీలుస్తుందో దుకాణంలోనే తెలుసుకోవచ్చు: వెనక వైపు ఒక నీటిచుక్క వేస్తే, వెంటనే ఇంకిపోతే అది గుల్ల ఒడలు, నిలిచి ఉంటే గట్టి ఒడలు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్లే పలకనూ కొట్టి చూడాలి. ఖంగున మోగకుండా బోలుగా వినిపిస్తే లోపల ఎక్కడో పగులు ఉంది. పూతను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే వెంట్రుకంత సన్నని గీతలు కనిపించవచ్చు. పూతా ఒడలూ చల్లారేటప్పుడు సమానంగా కుంచించుకోకపోవడం వల్ల వచ్చే గీతలవి. హాలు గోడ మీద అవి కంటికి ఇంపుగానే ఉంటాయి గానీ, రోజూ పోపు చిటచిటలాడే వంటింట్లో పసుపూ నూనే ఆ గీతల్లోకి దిగితే మళ్లీ బయటికి రావు. వంటింటికి గీతలు లేని, నునుపైన పూతనే ఎంచుకోవాలి.

లెక్క తేలికే. నాలుగంగుళాల పలకలు చదరపు అడుగుకు తొమ్మిది పడతాయి. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తున్న వంటగట్టు గోడకు 144 కావాలి. కోతలో విరిగేవాటికీ, ముందు ముందు మార్చవలసినవాటికీ కలిపి నూటికి పదిహేను చొప్పున ఎక్కువ తీసుకుంటే సుమారు 165 అవుతాయి. అన్నీ ఒకే బట్టీ విడతలోవి కావాలని తయారీదారును ముందే అడగాలి.

పనిలో సగం గోడ దగ్గరే ఉంది. కొత్త ప్లాస్టరింగ్ బాగా తడిసి, పూర్తిగా ఆరి ఉండాలి. పాత గోడ అయితే సున్నం, పెయింట్ గీకేసి, బోలుగా మోగే చోట్ల ప్లాస్టర్ కొట్టి మళ్లీ పూయించాలి. తేమ ఎక్కే గోడకు ముందు ఆ తేమకు మందు వేయకుండా ఖరీదైన పలకలు అతికించడం డబ్బును తడిగోడకు ధారపోయడమే. స్నానాల గదిలో పలకల కింద నీటిని ఆపే పూత తప్పనిసరి, ఎందుకంటే నీటిని ఆపేది పలక కాదు, దాని వెనకున్న పొర.

అతికించే ముందు పలకలన్నీ పెట్టెల్లోంచి తీసి, నేలమీద పరిచి, చిక్కనివీ లేతవీ కలిసిపోయేలా కలపాలి. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె వాడుకుంటూ పోతే గోడపై మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. వంటగట్టు మట్టంగా ఉందని నమ్మకుండా, రసమట్టంతో చూసి గోడకు ఒక చెక్క రీపు బిగించి, మొదటి వరసను దానిపై నిలబెట్టడం మేస్త్రీలకు తెలిసిన పద్ధతి. గోడ నడిమి నుంచి మొదలుపెడితే కోసిన ముక్కలు రెండు మూలలకూ సమానంగా వెళతాయి. జిగురు బస్తాపై ఐఎస్ 15477 అన్న ముద్ర చూసి తీసుకుని, పళ్లున్న తాపీతో గోడకు పట్టించి, పలచని పలకల వెనక మరికాస్త పూస్తే మందంలోని హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. మేస్త్రీలకు అలవాటైనట్లు నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే వెనక ఖాళీలు మిగిలి, అక్కడ తేమ చేరి, గరిటె తగిలినా పలక విరుగుతుంది. సిమెంట్ ముద్దతో అతికించేటట్లయితే గుల్ల పలకలను ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే సిమెంట్ గట్టిపడేందుకు కావలసిన నీటిని అవే పీల్చేస్తాయి. టైల్ జిగురుకు మాత్రం పొడి పలకలే వాడాలి.

రెండు పలకల మధ్య సందు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంచాలి. ఎగుడుదిగుడు అంచుల మధ్య సన్నని సందు వంకరను ఎత్తిచూపుతుంది, కాస్త వెడల్పు సందు దాన్ని కలుపుకుపోతుంది. ఒక రోజు ఆగాక సందుల్లో గ్రౌట్, అంటే సన్నని నింపుడు ముద్ద, నింపి, ఆరకముందే తడి స్పాంజితో తుడవాలి. పూత లేని పలకలకైతే ముందే రక్షణ పూత పూయకపోతే గ్రౌట్ రంగు వాటిలోకి ఇంకుతుంది. పలకలు గట్టును తాకే చోటా, రెండు గోడలు కలిసే మూలలోనూ గ్రౌట్‌కు బదులు సాగే గుణమున్న సిలికాన్ వాడాలి, ఎందుకంటే అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌట్ కదిలితే పగులుతుంది.

తర్వాత సంరక్షణకు గోరువెచ్చని నీళ్లూ, తేలికపాటి సబ్బూ చాలు. యాసిడ్ గ్రౌట్‌లోని సిమెంట్‌ను కరిగిస్తుంది, తక్కువ వేడిలో కాల్చిన పూతను మసకబారుస్తుంది. మిగిలిన పలకలను బట్టీ విడత రాసి పెట్టెలో దాచుకోవాలి. అదే కళాకారుడు అదే రంగు కలిపి మళ్లీ కాల్చినా, ఆ నీలం మరోసారి సరిగ్గా అలాగే రాదు.