ఆటతో అబ్బే పాట

సండే స్కూల్లో కీర్తన నేర్పాలంటే ప్రొజెక్టరు తెర ఆపేయండి, చాపలు ఓ పక్కకు జరపండి, పిల్లల్ని ఆడనివ్వండి. పల్లవి, చరణాలు వాటంతటవే నోటికొస్తాయి.

ఆదివారం ఆరాధనకు ముందో తర్వాతో చర్చి ఆవరణలో పిల్లల సందడి మొదలవుతుంది. కొన్నిచోట్ల మందిరం వరండాలో, కొన్నిచోట్ల వేపచెట్టు నీడలో చాపలు పరుస్తారు. ప్రార్థన, పాట, బైబిలు కథ, కంఠత వాక్యం... తెలుగు ఊళ్ళలో సండే స్కూల్ దాదాపు ఇదే క్రమంలో నడుస్తుంది. వీటిలో పెద్దయ్యాక కూడా వెంట ఉండేది పాట. కథలో పేర్లు చెరిగిపోవచ్చు, వాక్యం ఏ అధ్యాయంలోదో గుర్తు రాకపోవచ్చు. ఆరేళ్ళప్పుడు పట్టుబడిన పల్లవి మాత్రం అరవయ్యో ఏట కూడా నోట్లో ఆడుతుంది.

అలాంటి పాటను నేర్పే తీరు మాత్రం ఈమధ్య చాలా సంఘాల్లో పలచబడింది. ప్రొజెక్టరు తెర మీద సాహిత్యం వస్తుంది, యూట్యూబ్‌లో ట్రాక్ మోగుతుంది, పిల్లలు అక్షరాలు చూస్తూ గొంతు కలుపుతారు. కరెంటు పోతే పాట అక్కడే ఆగుతుంది. చూసి పాడినంత మాత్రాన పాట పిల్లలది కాదు. అది వాళ్ళ సొంతం కావాలంటే చాలాసార్లు పాడాలి, చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి, ఒళ్ళంతా కదలాలి. ఈ మూడింటినీ విసుగు రాకుండా చేయించగలిగేది ఆట.

పాడుకుంటూ ఆడే జాతి మనది

చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, వీరి వీరి గుమ్మడిపండు... తెలుగు పిల్లల ఆటల్లో సగం పాటలే. వాటిని ఏ పంతులూ తరగతిలో నేర్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. అక్క ఆడుతుంటే చెల్లి నేర్చుకుంది, అంతే. తరాల తరబడి ఆ పాటలు చెక్కుచెదరకుండా నిలిచాయి. పాట, తాళం, కదలిక కలిసి నడిస్తే పిల్లల జ్ఞాపకం ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బైబిలు కూడా ఈ సంగతి ఎరిగిందే. సంతవీధుల్లో పిల్లలు పిల్లనగ్రోవి ఊది గంతులేసే ఆటనీ, ఏడుపు పాటలు పాడే ఆటనీ యేసు ప్రస్తావించినట్టు మత్తయి, లూకా సువార్తలు రెండూ చెబుతాయి. ఎర్రసముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టుకుని పాడితే, వెంట ఉన్న స్త్రీలు నాట్యమాడుతూ అందుకున్నారు. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయంలో దేవుడు మోషేతో ఒక పాట రాసి ఇశ్రాయేలీయులకు నేర్పమంటాడు. అది వాళ్ళకు కంఠస్థం కావాలన్నది ఆజ్ఞ. 136వ కీర్తనలో ఉన్న 26 వచనాల్లోనూ ఒకే మకుటం తిరిగి తిరిగి వస్తుంది. ఒకరు పాడితే గుంపంతా వంత అందుకోవడానికి కుదిరిన కట్టు అది. 119వ కీర్తన 176 వచనాలు హీబ్రూ అక్షరమాలలోని 22 అక్షరాల వరసలో, అక్షరానికి ఎనిమిది చొప్పున సాగుతాయి. పాట గుర్తుండేలా కట్టడం, ఆ కట్టును పట్టుకుని నేర్పడం అంత పాతవి.

సండే స్కూల్ ఇచ్చిన సంగీతం

1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ నడిపిన ఆదివారం బడి ప్రపంచమంతటా సండే స్కూల్ ఉద్యమానికి ఊపిరి పోసింది. వారమంతా పనిలో నలిగే పేద పిల్లలకు సెలవు దొరికే ఒక్కరోజూ ఆదివారం. ఆ రోజే వాళ్ళకు చదువు, బైబిలు. ఆ బడుల్లో పాట నేర్పడం పెద్ద చిక్కైంది. 1841లో హల్ నగరంలో జరిగిన సండే స్కూల్ ఉపాధ్యాయుల సమావేశం జాన్ కర్వెన్ అనే యువ పాస్టరుకు ఒక పని అప్పగించింది: పిల్లలకు సంగీతం నేర్పే అతి సులువైన దారి వెతకాలి. నార్విచ్‌లో శారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు అప్పటికే పిల్లలకు పాట నేర్పడానికి వాడుతున్న పద్ధతిని ఆయన పెంచి, ‘టానిక్ సోల్ఫా’గా తీర్చాడు. ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తును తర్వాత జోడించాడు. ఆ గుర్తులే హంగరీలో జోల్తాన్ కొడాయ్ పేరుతో నడిచే సంగీత బోధనలోకి వెళ్ళి, ఈనాడు ఎన్నో దేశాల బడుల్లో కనిపిస్తున్నాయి. అందుకే సండే స్కూల్ టీచరు చేతి సైగలతో పాట నేర్పుతుంటే దాన్ని కాలక్షేపం అనుకోకూడదు.

తెలుగునేల మీద కథ వేరు. ఇక్కడ పాట చదువు కన్నా ముందు నడిచింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కర్ణాటక రాగాల్లో, మన తాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల పైన రాగం, తాళం పేర్లుంటాయి. అక్షరం రాని కుటుంబాలు ఆ కీర్తనల్ని చెవితో పట్టి, నోటితో దాచుకున్నాయి. బైబిలు చదవలేని వారికి కీర్తనే బైబిలైంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గ్రామ సంఘాల్లో తెలుగు కీర్తనకూ, నాటకానికీ పెద్దపీట వేశారు. ఆ వారసత్వం మన పిల్లల చేతికి అందాలంటే వాళ్ళకు తెలిసిన భాషలో, అంటే ఆటలో అందించాలి.

ఆడించండి, పాడించండి

ఇక్కడ చెప్పే ఆటలకు డబ్బు ఖర్చు లేదు. సుద్దముక్క, నల్లబల్ల, నాలుగు అట్టముక్కలు, ఒక గచ్చకాయ వంటివి ఉంటే చాలు.

చెరిపే పలక: చరణాన్ని నల్లబల్ల మీద రాసి అందరూ ఒకసారి పాడాలి. ఒక పాప వచ్చి తనకిష్టమైన ఒక మాట చెరిపేస్తుంది. మళ్ళీ పాడాలి, చెరిగిన మాటతో సహా. ఇంకొకరు వచ్చి ఇంకో మాట చెరుపుతారు. చివరికి బల్ల ఖాళీ అవుతుంది, పాట మాత్రం మిగులుతుంది. చదివినదాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం కన్నా, చూడకుండా గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే ఎక్కువ కాలం నిలుస్తుందని అమెరికాలో రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. ఈ ఆట చేసేది ఆ పనే.

తప్పిపోయిన గొర్రెపిల్ల: లూకా సువార్త 15వ అధ్యాయంలోని నూరు గొర్రెల కథ చెప్పిన రోజు ఆడించాలి. ఒకరిని బయటికి పంపి, గొర్రెపిల్ల బొమ్మను దాచాలి. వెతికేవారు బొమ్మకు దగ్గరైతే అందరూ గొంతు పెంచాలి, దూరమైతే తగ్గించాలి. మాటలతో సాయం చేయకూడదు, పాటే దారి చూపాలి. దొరికేలోపు పల్లవి పదిసార్లయినా వస్తుంది, ఎవరికీ లెక్క ఉండదు.

యెరికో గోడ: అట్టపెట్టెలు పేర్చి గోడ కట్టాలి. పిల్లలు చుట్టూ ఏడుసార్లు నడవాలి. ఒక చుట్టు గుసగుసగా, ఒక చుట్టు నెమ్మదిగా, ఒక చుట్టు అడుగుల దెబ్బతో, ఒక చుట్టు మగపిల్లలు ఒక పాదం, ఆడపిల్లలు ఒక పాదం... ఏడో చుట్టు పూర్తయ్యాక కేక, గోడ కూలడం. యెహోషువ గ్రంథం 6వ అధ్యాయం, ఒక కొత్త కీర్తన ఒకే పూటలో మనసుకెక్కుతాయి.

మనసులో పాట: టీచరు చెయ్యి ఎత్తితే పాడాలి, దించితే నోరు మూసి మనసులో కొనసాగించాలి. మళ్ళీ ఎత్తగానే ఎక్కడిదాకా వచ్చారో అక్కడి నుంచి ఒక్కసారిగా అందుకోవాలి. లయ తప్పకుండా లోపల పాడుకోవడం సంగీతంలో పెద్ద విద్య. పిల్లలకు ఇది మంచి సవాలు.

గచ్చకాయ తాళం: వలయంగా కూర్చుని గచ్చకాయను తాళానికి సరిగ్గా పక్కవారి చేతిలో పెట్టాలి. ఆది తాళమైతే ఎనిమిది లెక్కలకు ఎనిమిది చేతులు మారుతుంది. మిశ్రచాపుకు ఏడు. లెక్క తప్పిందంటే గచ్చకాయ మధ్యలో ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు, మళ్ళీ మొదలు. తాళం ఏమిటో ఉపన్యాసం చెప్పకుండానే చేతికి వస్తుంది.

దండెం పాట: చరణంలో ఒక్కో పాదాన్ని ఒక్కో అట్ట మీద రాసి కలిపేయాలి. జట్టు కలిసి పాడుకుంటూ వాటిని వరసలో దండేనికి క్లిప్పులతో తగిలించాలి. చదవడం వచ్చిన పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. చదవడం రాని చిన్నారులకు అట్ట మీద బొమ్మలు గీస్తే సరి.

తొక్కుడుబిళ్ళ: నేల మీద గీసిన గడిలో పల్లవిలోని ఒక్కో మాట. ఒంటికాలితో గెంతుతూ ఆ మాట పాడాలి. గీత తొక్కినా, మాట మరిచినా జట్టువాళ్ళు అందించవచ్చు.

బుర్రకథ జట్టు: పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు ఇది తగినది. ఒకరు కథకుడు, ఇద్దరు వంతలు. దావీదు గొల్యాతు కథనో, యోసేపు కథనో మాటల్లో చెబుతూ మధ్యలో నేర్చుకున్న కీర్తన పల్లవిని వంతలు అందుకోవాలి. పాటకు కథలో చోటు దొరికితే దాని అర్థం తనంతట తానే తెలిసిపోతుంది.

శ్రుతి, అర్థం, ప్రార్థన

ఆట ఎంత బాగున్నా మూడు సంగతులు మరవకూడదు. మొదటిది శ్రుతి. పెద్ద మగగొంతుకు కుదిరిన శ్రుతిలో కీబోర్డు వాయిస్తే పిల్లలు కింది స్వరాలు అందుకోలేక గొణుగుతారు, లేదా అరుస్తారు. ‘గట్టిగా పాడండి’ అని అదిలిస్తే వచ్చేది అరుపే. శ్రుతి పెంచి, మెల్లగా పాడమంటే పిల్లల గొంతు దానంతటదే తేటపడుతుంది. కొత్త పాటను మొదట వాద్యం లేకుండా టీచరు ఒక్కరే, ముఖాన చిరునవ్వుతో, మొదటినుంచి చివరిదాకా పాడి వినిపించాలి.

రెండోది అర్థం. పాత కీర్తనల్లో ధరణి, అంబరం, పాతకం వంటి మాటలు పిల్లలకు కొత్త. పాడించే ముందు ఆ మాటకు బొమ్మ గీయించండి, సైగ కనిపెట్టమనండి. పిల్లలు తాము కనిపెట్టిన సైగను టీచరు నేర్పిన సైగ కన్నా బాగా గుర్తుంచుకుంటారు. వినికిడి లేని పిల్లలు ఉన్నచోట ఆ సైగలే వాళ్ళ పాట.

మూడోది ప్రార్థన. పాట దేవునికి చెప్పుకునే మాట. ఆట అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉంచి, అదే కీర్తనను ఒక్కసారి నెమ్మదిగా పాడించాలి. ఆట పాటను నోటికి తెస్తుంది, ఆ ఒక్కసారి పాడటం దాన్ని గుండెకు చేరుస్తుంది. ఈ చివరి నిమిషం లేకపోతే మనం నేర్పింది ఆటే అవుతుంది.

ఎవరూ అవుట్ కాకూడదు

కుర్చీలాటలో మొదట అవుట్ అయ్యేది తరచుగా బెరుకుగా ఉండే పిల్లలే. పాట ఎక్కువసార్లు పాడాల్సింది వాళ్ళే. అందుకే సండే స్కూల్ ఆటల్లో తొలగింపు వద్దు. కుర్చీ తగ్గినప్పుడు ఇద్దరు ఒకే కుర్చీలో సర్దుకోవాలి, చోటు లేనివారు తర్వాతి పాదం మొదలుపెట్టాలి. చాక్లెట్ల బహుమతులు ప్రతివారం ఇస్తే పిల్లల కన్ను పాట నుంచి చాక్లెట్ మీదికి మళ్ళుతుంది. క్రిస్మస్ కార్యక్రమం కోసం, వీడియో కోసం మాత్రమే పాట నేర్పే అలవాటు కూడా మారాలి. కెమెరా ముందు నలుగురు ముద్దుగా పాడటం కన్నా, కెమెరా లేని చోట నలభైమంది కలిసి పాడటం సంఘానికి మేలు.

తెలుగు లిపి రాని పిల్లలున్న హైదరాబాద్ కాలనీ సంఘాలకూ, అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగు సంఘాలకూ ఈ ఆటలు మరీ అవసరం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు పాట చదివితే ఉచ్చారణ వంకర పోతుంది. తాతయ్య, నాయనమ్మ పాడి వినిపించి, పిల్లలు ఆడుతూ పట్టుకున్న పాటలో ‘ళ’కారం, ‘ణ’కారం చక్కగా పలుకుతాయి. వాళ్ళకు మాతృభాష మిగిలే తావుల్లో ఆదివారం పాట ఒకటి.

పాస్టరుగారికీ, సంఘ పెద్దలకూ ఒక మనవి. ఈ వేసవి వీబీఎస్‌కు (వెకేషన్ బైబిల్ స్కూల్‌కు) బడ్జెట్ వేసేటప్పుడు సౌండు సిస్టమ్ కన్నా ముందు సండే స్కూల్ టీచర్ల శిక్షణకు నాలుగు డబ్బులు కేటాయించండి. నెలకు ఒక్క కీర్తన, అన్ని చరణాలతో, పుస్తకం చూడకుండా పిల్లలు పాడాలని నియమం పెట్టుకోండి. ఏడాదికి పన్నెండు కీర్తనలు. పదేళ్ళ సండే స్కూల్ చదువు ముగిసేసరికి ఒక్కో బిడ్డ నూట ఇరవై పాటల సొంతదారు అవుతాడు. తల్లిదండ్రులారా, ఆదివారం ఇంటికొచ్చిన పిల్లల్ని ‘ఈరోజు ఏం నేర్చుకున్నావు?’ అని అడగడంతో సరిపెట్టకండి. ‘ఆ ఆట మాకూ నేర్పు’ అనండి. వాళ్ళతో కలిసి ఆడండి, పాడండి.