డ్రాయింగు షీటు మీది వాలు అక్షరాలు

పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరేవారు, ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు తీసుకునేవారు మన హాస్టళ్ళలో చాలామందే ఉంటారు. అక్కడ మొదట ఎదురయ్యేది యంత్రం కాదు, అక్షరం. ఇంజనీరింగ్ డ్రాయింగులో తొలి షీట్లలోనే లెటరింగు వస్తుంది. "తెలుగు మీడియం వాళ్ళం, మా ఇంగ్లీషు దస్తూరి బాగుండదు" అని అక్కడే బెదిరిపోయిన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేము చూశాము. ఆ బెదురు అక్కర్లేదు. ఈ అక్షరాలకు కావలసింది దస్తూరి కాదు, కొలత.

పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లీషు అక్షరాలకు చాలావరకు చివర్లలో చిన్న కొక్కేలు ఉంటాయి. డ్రాయింగు అక్షరానికి అవి లేవు. గీత అంతా ఒకే మందం, చివరలు గుండ్రం, కాస్త కుడివైపుకు వాలు. డ్రాయింగు ఆఫీసుల్లో గొట్టం మొన ఉన్న ఇంకు పెన్నులు వాడేవారు. ఆ మొన ఎటు తిప్పినా ఒకే మందం గీస్తుంది, ఆగినచోట గుండ్రంగా ఆగుతుంది. పెన్సిలుతో రాసే మనం మొన ఒకవైపే అరగకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ రాయాలి.

ఈ అక్షరాల కొలతలు ఐ.ఎస్.ఓ. 3098 ప్రమాణంలో 1974లో వచ్చాయి. మన దేశంలో స్కూళ్ళు, కాలేజీల కోసం 1988లో వచ్చిన ఎస్.పి. 46 పుస్తకంలోనూ ఉన్నాయి. ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఎ3, ఎ2 కాగితాల పొడవుల మధ్య ఉన్న లెక్క కూడా అదే! అందువల్ల ఎ2 షీటును ఎ3కి తగ్గించి జిరాక్సు తీస్తే 5 మి.మీ. అక్షరం 3.5 అవుతుంది, 0.5 గీత 0.35 అవుతుంది. ఆ కాపీని 0.35 పెన్నుతో దిద్దినా తేడా తెలియదు. ఈ ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది.

బి రకంలో గీత మందం పెద్ద అక్షరం ఎత్తులో పదో వంతు. చిన్న అక్షరం ఎత్తు పదింట ఏడు వంతులు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ రెండు గీతల మందం. అంతకంటె దగ్గరైతే కాపీలో ఇంకు కలిసిపోయి 3 కాస్తా 8లా కనబడుతుంది. 33 మి.మీ. షాఫ్టును 38కి తిప్పితే మళ్ళీ పని, 38ని 33కి తిప్పితే ఆ ఇనుము తుక్కు. అందుకే అంకెలను అక్షరాలకంటె ఎక్కువగా సాధన చేయండి.

వాలు అడ్డగీతకు 75 డిగ్రీలు. నిట్టనిలువు అక్షరాలూ రాయవచ్చు గాని ఒక షీటులో రెండూ కలపరాదు. కుడిచేతి వాటం వారికి వాలే సులువని మా అభిప్రాయం. కోణమానిని కూడా అక్కర్లేదు. 45 డిగ్రీల మూలమట్టాన్ని, 30 డిగ్రీల మూలమట్టాన్ని జోడిస్తే 75 వచ్చేస్తుంది. ముందు 2హెచ్ పెన్సిలుతో పలచగా అడ్డగీతలు, మధ్యమధ్య వాలు గీతలు వేసుకుంటే అక్షరం వాటిలో ఒదుగుతుంది. మన తెలుగు లిపి గుండ్రనిదే కదా, ఓ, సి, ఎస్ తేలికగానే వస్తాయి. చెయ్యి తిరగవలసింది ఎమ్, డబ్ల్యు, కె దగ్గర.

ఆటోక్యాడ్‌లో "ఐసో" పేరుతో మొదలయ్యే ఫాంట్లు ఈ బాణీవే. అక్కడ వాలును నిలువు గీత నుండి కొలుస్తారు కనుక 15 అని ఇవ్వాలి. 75 ఇచ్చారో, అక్షరాలు నేలమీద పడుకుంటాయి!